కాపరి మాట వినేదెవరు? – క్రైస్తవ కౌన్సెలింగ్ చరిత్ర, తెలుగు సంఘాలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

సంఘసభ్యుల కష్టసుఖాలు వినడం, వారిని ఓదార్చడం క్రైస్తవ సంఘకాపరి విధుల్లో ముఖ్యమైనవి. ఆ కాపరికే కష్టం వచ్చినప్పుడు ఎవరితో చెప్పుకోవాలన్న ప్రశ్న సంఘచరిత్ర పొడవునా వినిపిస్తుంది. నాలుగో శతాబ్దపు నజియాంజస్ గ్రెగరీ మొదలుకొని ఇరవయ్యో శతాబ్దపు ఆంటన్ బోయిసెన్, ఇ. స్టాన్లీ జోన్స్‌ల వరకు ఈ ప్రశ్నకు లభించిన సమాధానాలను కాలక్రమంలో పరిశీలించి, వాటి వెలుగులో తెలుగు క్రైస్తవ సంఘాల స్థితిని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం. క్రైస్తవ కౌన్సెలింగ్ చరిత్రలోని కొన్ని ప్రధానమైన మలుపులు కాపరుల సొంత వేదన నుండే వచ్చాయనీ, తన జీతాన్నీ బదిలీనీ శాసించని శ్రోత దొరికినప్పుడే కాపరి నోరు విప్పగలడనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సంఘకాపరి, కౌన్సెలింగ్, ఆదరణ, హెచ్చరిక, బోయిసెన్, నూర్ మంజిల్, దోర్నకల్, అజరయ్య, గోప్యత.

1. ఉపోద్ఘాతం:

తెలుగు ప్రాంతాల్లో ఒక సాధారణ సంఘకాపరి వారం ఎలా గడుస్తుందో గమనిస్తే ఈ వ్యాసవిషయం ఎంత అవసరమో తెలుస్తుంది. ఆదివారం ఆరాధన, వారం మధ్యలో ఉపవాసప్రార్థన, గృహకూడికలు, ఆసుపత్రిలో ఉన్నవారి పరామర్శ, పెళ్లి, సమాధి కార్యక్రమం, భార్యాభర్తల తగాదా, తాగుడుకు బానిసైన కొడుకు గురించి తల్లి మొర, అప్పులవాళ్ల ఒత్తిడి తట్టుకోలేని రైతుకూలీ గోడు. ఇవన్నీ కాపరి గుమ్మం దాకా వస్తాయి. మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లడానికి డబ్బు, దూరం, నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం అడ్డువచ్చే చోట, పాస్టరుగారి ఇల్లే తొలి ఆశ్రయం. ఆ ఇంటికి రుసుము లేదు, వేళాపాళా లేదు.

అదే కాపరికి నిద్రపట్టకపోతే, ప్రార్థన చేయాలన్నా మనసు నిలవకపోతే, సొంత కాపురంలో కలతలు పుడితే ఆయన వెళ్లవలసిన గుమ్మం ఏది? సంఘస్థులతో చెప్పుకుంటే విశ్వాసం తగ్గిందంటారేమోనని భయం. పై అధికారులతో చెప్పుకుంటే తరువాతి బదిలీ ఎక్కడికోనని భయం. తోటి కాపరితో చెప్పుకుంటే మాట బయటకు పొక్కుతుందేమోనన్న శంక. భార్యతో చెప్పుకుంటే ఆమె బరువు రెట్టింపవుతుంది. పాస్టరమ్మగా సంఘంలోని స్త్రీల కష్టాలన్నీ ఆమె అప్పటికే మోస్తూ ఉంటుంది.

క్రైస్తవ కౌన్సెలింగ్ గురించిన చర్చల్లో కాపరిని సాధారణంగా సలహా ఇచ్చేవానిగానే చూస్తారు. సలహా అవసరమైన మనిషిగా ఆయనను చూసే చరిత్ర కూడా ఉంది. ఆ చరిత్రను ఒకచోట కూర్చడానికి ఈ వ్యాసం ప్రయత్నిస్తుంది. ఇందులో 'కౌన్సెలింగ్' అన్న మాటను, బాధలో ఉన్న వ్యక్తి చెప్పేది గోప్యంగా, శ్రద్ధగా విని, అతడు తన దారి తాను వెతుక్కునేలా తోడ్పడే ప్రక్రియ అన్న అర్థంలో వాడుతున్నాను. విశ్వాసం, ప్రార్థన, వాక్యం ఆ ప్రక్రియలో భాగమైనప్పుడు అది క్రైస్తవ కౌన్సెలింగ్ అవుతుంది.

2. ఆదరణ, హెచ్చరిక – రెండు మాటల కథ:

తెలుగు బైబిలు పదజాలాన్ని పరిశీలిస్తే ఒక ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. గ్రీకు కొత్త నిబంధనలో 'పారక్లేసిస్' అనే మాట ఉంది. దగ్గరకు పిలవడం, పక్కన నిలిచి ధైర్యం చెప్పడం దాని మూలార్థం. తెలుగు అనువాదంలో ఇది సందర్భాన్నిబట్టి రెండు పాయలుగా చీలింది. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో అది 'ఆదరణ' అయింది. రోమా పత్రిక పన్నెండో అధ్యాయంలో వరాలను లెక్కించేచోట 'హెచ్చరించు' అనే క్రియ అయింది. అపొస్తలుల కార్యముల నాలుగో అధ్యాయంలో బర్నబా పేరుకు 'హెచ్చరిక పుత్రుడు' అని అర్థం చెప్పారు. అదే ధాతువు నుండి వచ్చిన 'పారక్లేతోస్' యోహాను సువార్తలో 'ఆదరణకర్త'గా, యోహాను మొదటి పత్రికలో 'ఉత్తరవాది'గా కనిపిస్తుంది.

పాత తెలుగులో హెచ్చరిక అంటే కేవలం బెదిరింపు కాదు. మెలకువ చెప్పడం, సావధానపరచడం అనే ఛాయలు దానికి ఉన్నాయి. ఉత్సవ సంప్రదాయంలో స్వామిని కొలువుకు తోడ్కొనివచ్చేటప్పుడు పాడే పాటలను 'హెచ్చరికలు' అనే పిలిచేవారు. నేటి వాడుకలో ఆ మాట అర్థం కుంచించుకుపోయింది. తుపాను హెచ్చరిక, పోలీసు హెచ్చరిక వంటి ప్రయోగాల్లో ప్రమాదసూచన, మందలింపు మాత్రమే మిగిలాయి. అందువల్ల 'హెచ్చరిక పుత్రుడు' అన్న మాట విన్న నేటి శ్రోతకు గద్దించే మనిషి గుర్తుకు వస్తాడు. కథలో బర్నబా చేసిన పని వేరు. అందరూ అనుమానించిన సౌలును చేయిపట్టుకొని అపొస్తలుల దగ్గరకు తీసుకువెళ్లినవాడు, పౌలు వద్దన్న మార్కును తన వెంట తీసుకుపోయినవాడు బర్నబా.

ఈ అర్థసంకోచానికి సంఘజీవితంలో ఒక పోలిక కనిపిస్తుంది. కష్టం చెప్పుకోవడానికి వచ్చిన వ్యక్తికి ముందుగా దొరికేది చాలాసార్లు మందలింపే. ప్రార్థన తగ్గిందని, పాపం దాచుకున్నావని, విశ్వాసం చాలలేదని చెప్పడమే కౌన్సెలింగ్‌గా చలామణీ అవుతూ ఉంటుంది. ఒకే మూలపదంలో ఉన్న ఆదరణను, హెచ్చరికను మళ్లీ ఒకచోటికి చేర్చడమే క్రైస్తవ కౌన్సెలింగ్ పని అని చెప్పవచ్చు.

3. వైద్యునిగా కాపరి – తొలి గ్రంథాలు:

కాపరిత్వం గురించి సంఘచరిత్రలో వెలువడిన తొలి విస్తృత రచనల్లో ఒకటి, ఆ పని నుండి పారిపోయిన మనిషి రాసినది కావడం గమనార్హం. నజియాంజస్ గ్రెగరీకి 361 చివరిలో ఆయన తండ్రే, ఇష్టానికి విరుద్ధంగా, గురుపట్టం ఇచ్చాడు. ఆ బరువు మోయలేనని గ్రెగరీ పొంతు ప్రాంతంలో ఉన్న తన మిత్రుడు బాసిల్ దగ్గరకు వెళ్లిపోయాడు. 362 ఈస్టరు నాటికి తిరిగివచ్చి, తాను ఎందుకు పారిపోయాడో వివరిస్తూ ఒక ప్రసంగం సిద్ధం చేశాడు. దేహానికి వైద్యం చేసేవాని పనికన్నా ఆత్మకు వైద్యం చేసేవాని పని కష్టమని, ఒకరికి పనికివచ్చే మందు మరొకరికి పనికిరాదని అందులో వాదించాడు. భయపడ్డ కాపరి మిత్రుని దగ్గర ఆశ్రయం పొంది, తిరిగి వచ్చి, తన భయాన్నే బోధగా మార్చిన తొలి ఉదాహరణగా దీన్ని చూడవచ్చు.

ఈ ఆలోచనను మొదటి గ్రెగరీ పోపు విస్తరించాడు. 590లో పోపు పదవి చేపట్టిన తొలినాళ్లలో ఆయన లాటిన్‌లో రాసిన కాపరి నియమగ్రంథం నాలుగు భాగాలుగా ఉంది. మూడో భాగం చాలా పెద్దది. అందులో పేదలు–ధనికులు, ఉల్లాసవంతులు–విషాదవంతులు, మౌనులు–వాచాలులు అంటూ శ్రోతలను ముప్పైకి పైగా జంటలుగా విభజించి, ఎవరితో ఎలా మాట్లాడాలో చెప్పాడు. నాలుగో భాగం చాలా చిన్నది. ఇతరులకు అన్నీ చక్కగా చెప్పిన కాపరి చివరకు తనవైపు తాను తిరిగి చూసుకోవాలన్నదే దాని సారాంశం. ఈ నిష్పత్తి గమనించదగినది. సంఘం కోసం సుదీర్ఘమైన భాగం, కాపరి కోసం కొద్ది పుటలు. ఆ కొద్ది పుటల్లోనూ కాపరి తనను తానే చూసుకోవాలి. ఆయనను చూసే మరొక వ్యక్తి ప్రస్తావన లేదు.

గోప్యత చరిత్రలో 1215 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడు జరిగిన నాలుగో లేటరన్ మహాసభ, ప్రతి విశ్వాసీ ఏడాదికొకసారైనా పాపసంకీర్తనం చేయాలని నిర్ణయించింది. గురువు గాయాలను శుభ్రం చేసే నేర్పరి వైద్యునిలా నడుచుకోవాలని చెప్పింది. తాను విన్నదాన్ని బయటపెట్టిన గురువును పదవి నుండి తొలగించి, జీవితాంతం మఠంలో ప్రాయశ్చిత్తానికి పంపాలని కఠినమైన శిక్షను విధించింది. విన్న మాట దాచడం మర్యాద మాత్రమే కాక విధి అని ఈ నిర్ణయం స్థిరపరచింది.

ప్రొటెస్టంటు సంస్కరణ ఈ విధిపూర్వకమైన సంకీర్తనాన్ని తీసివేసింది. సంస్కర్త మార్టిన్ లూథర్ జీవితమే ఒక శ్రోత ప్రభావానికి సాక్ష్యం. యువసన్యాసిగా ఆయన అనుభవించిన తీవ్రమైన అంతర్వేదనను ఓపికగా విన్నవాడు ఆయన మఠసంఘపు పెద్ద యోహాన్ ఫాన్ స్టౌపిట్జ్. పై అధికారి కూడా మంచి శ్రోత కాగలడనడానికి ఇది ఉదాహరణ. అయితే 1518లో వివాదం ముదిరినప్పుడు స్టౌపిట్జే లూథర్‌ను విధేయతా ప్రమాణం నుండి విడుదల చేయవలసివచ్చింది. అధికారబంధం, ఆదరణబంధం ఒకేచోట ఎంతోకాలం ఇమడలేదు.

పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో కిడర్‌మిన్‌స్టర్ కాపరి రిచర్డ్ బాక్స్‌టర్ 1656లో 'ది రిఫార్మ్‌డ్ పాస్టర్' ప్రకటించాడు. ఆయన సోమ, మంగళవారాల్లో వారానికి 15, 16 కుటుంబాల చొప్పున కలుస్తూ, 800కు పైగా కుటుంబాలున్న ఆ సంఘాన్ని ఏడాదిలో చుట్టివచ్చే పద్ధతిని వివరించాడు. వేదికమీది ప్రసంగం చేయలేని పని, ఇంట్లో కూర్చొని చేసే సంభాషణ చేయగలదన్నది ఆయన అనుభవం. నేటి గృహదర్శనానికి ఇది పూర్వరూపం. కానీ ఈ పద్ధతిలో కాపరి మీద పడే భారాన్ని ఎవరు పంచుకుంటారన్న ప్రశ్నకు ఇక్కడ కూడా తగిన జవాబు దొరకదు.

4. రోగిగా కాపరి – ఆంటన్ బోయిసెన్:

కౌన్సెలింగ్ ఆధునిక శాస్త్రాలతో చేతులు కలిపిన కాలం ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలు. 1906లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఇమ్మానుయేల్ చర్చి కాపరి ఎల్‌వుడ్ వూస్టర్, వైద్యులతో కలిసి మానసిక బాధితులకు సహాయం చేసే కార్యక్రమం మొదలుపెట్టాడు. ఇది ఇమ్మానుయేల్ ఉద్యమంగా పేరుపొందింది. అయితే కాపరుల శిక్షణను మార్చివేసిన సంఘటన వైద్యుల గదిలో కాక, రోగుల వార్డులో జరిగింది.

ఆంటన్ బోయిసెన్ 1876లో జన్మించిన అమెరికన్ బోధకుడు. 1920 అక్టోబరులో తీవ్రమైన మానసిక సంక్షోభానికి గురై ఆసుపత్రి పాలయ్యాడు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వెస్ట్‌బరో ఆసుపత్రిలో గడిపిన రోజుల్లో ఆయన రెండు విషయాలు గమనించాడు. వైద్యులు రోగి మాటల వెనుక ఉన్న మతపరమైన అన్వేషణను పట్టించుకోవడం లేదు. చర్చి నుండి వచ్చే బోధకులకు రోగి బాధ ఏమిటో తెలియదు. కోలుకున్నాక ఆయన ఈ రెండు లోకాల మధ్య వంతెన కట్టాలని సంకల్పించాడు. 1924లో వూస్టర్ ప్రభుత్వ ఆసుపత్రిలో చాప్లిన్‌గా చేరి, 1925 వేసవిలో నలుగురు వేదాంత విద్యార్థులతో శిక్షణ ప్రారంభించాడు. విద్యార్థులు పగలు వార్డుల్లో సహాయకులుగా పనిచేయాలి. తరువాత తాము చూసినదాన్ని చర్చించాలి. వేదాంత విద్యార్థి పుస్తకాలతోపాటు మనుషులను కూడా సజీవ గ్రంథాలుగా చదవాలన్నది ఆయన సూత్రం. బోస్టన్ వైద్యుడు రిచర్డ్ కాబట్ ఈ ప్రయత్నానికి అండగా నిలిచాడు. 1930లో ఈ శిక్షణ కోసం ఒక మండలి ఏర్పడింది. 1936లో బోయిసెన్ తన అనుభవాన్నీ పరిశోధననూ కలిపి ఒక గ్రంథంగా వెలువరించాడు. ఈలోగా ఆయనకు వ్యాధి తిరగబెట్టింది కూడా. అయినా పని ఆపలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మాంశం ఉంది. బోయిసెన్ బాధను శ్రద్ధగా పట్టించుకున్నవారిలో ఎల్‌వుడ్ వూస్టర్, కాబట్ వంటివారు ఆయనపై సంఘాధికారం ఉన్నవారు కారు. ఒకరు మరో సంఘపు కాపరి, మరొకరు వైద్యుడు. ఉద్యోగం ఊడుతుందన్న భయం లేకుండా తన అనుభవాన్ని వారితో చెప్పుకోగలిగాడు.

తరువాతి కాలంలో ఈ రంగం వేగంగా విస్తరించింది. కార్ల్ రోజర్స్ 1942లో ప్రకటించిన కౌన్సెలింగ్ గ్రంథం, సలహా చెప్పడంకన్నా వినడానికి ప్రాధాన్యమిచ్చింది. సేవర్డ్ హిల్ట్‌నర్ 1949లో, హోవర్డ్ క్లైన్‌బెల్ 1966లో రాసిన పుస్తకాలు ఆ ధోరణిని వేదాంత కళాశాలలకు చేర్చాయి. దీనికి ఎదురుగా 1970లో జే ఆడమ్స్, మనస్తత్వశాస్త్రం మీద ఆధారపడడం తగదనీ, లేఖనమే చాలుననీ వాదించాడు. 1972లో హెన్రీ నౌవెన్ గాయపడిన వైద్యుడు అనే భావనతో, కాపరి తన గాయాన్ని దాచుకోకుండా ఇతరులకు ఆశ్రయంగా మార్చుకోవాలన్నాడు. ఈ వాదాల మధ్య భేదాలు తీవ్రమైనవి. ఆడమ్స్ మార్గంలో బాధితుడు త్వరగా దోషి అయిపోయే ప్రమాదం ఉంది. రోజర్స్ మార్గంలో విశ్వాసి అడిగే పాపం, క్షమ, నిరీక్షణ వంటి ప్రశ్నలు పక్కకు జరిగిపోయే ప్రమాదం ఉంది. పైన చెప్పిన రెండు మాటల్లో ఒకరు హెచ్చరికను, మరొకరు ఆదరణను పట్టుకున్నారు.

5. లక్నో, వేలూరు – భారతదేశపు అనుభవం:

భారతదేశంలో ఈ చరిత్ర మరో గాయపడ్డ బోధకునితో ముడిపడి ఉంది. ఇ. స్టాన్లీ జోన్స్ 1907లో మెథడిస్టు మిషనరీగా లక్నో వచ్చి, లాల్‌బాగ్ చర్చిలో పరిచర్య మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్లకు పైగా సాగిన ఎడతెగని శ్రమ తరువాత నరాల బలహీనతతో కుప్పకూలాడు. 1916లో స్వదేశానికి సెలవుపై పంపారు. తిరిగివచ్చాక కూడా బాధ వదలలేదు. కొండప్రాంతాల్లో విశ్రాంతి తీసుకున్నా ఫలితం లేకపోయింది. చివరకు లక్నోలో ప్రార్థిస్తున్న సమయంలో తన భారాన్ని దేవునికి అప్పగించిన అనుభవం కలిగిందని, ఆనాటి నుండి కొత్త బలం వచ్చిందని ఆయన స్వయంగా రాసుకున్నాడు. 1925లో వెలువడిన 'ది క్రైస్ట్ ఆఫ్ ది ఇండియన్ రోడ్' ఆయనను ప్రపంచప్రసిద్ధుణ్ణి చేసింది. 1930లో సాత్‌తాల్‌లో క్రైస్తవ ఆశ్రమం స్థాపించాడు. అక్కడ విశ్వాసులు తమ అవసరాలను ఒకరి ముందు ఒకరు నిస్సంకోచంగా చెప్పుకునే పద్ధతి ఉండేది.

ప్రార్థన వల్లే బాగుపడ్డానని సాక్ష్యం చెప్పిన ఈ బోధకుడే 1950లో లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక చికిత్సాకేంద్రాన్ని స్థాపించాడు. తనకు ప్రార్థన చాలింది కాబట్టి అందరికీ అదే చాలునని ఆయన అనలేదు. వైద్యం, కౌన్సెలింగ్, ప్రార్థన ఒకే ఇంట్లో ఉండవచ్చని భావించాడు. మందులు వాడడం విశ్వాసలోపమని నేటికీ వినిపించే వాదానికి ఇది చరిత్ర ఇచ్చిన సమాధానం.

తెలుగు సరిహద్దుకు దగ్గరగా ఉన్న వేలూరులో మరో అడుగు పడింది. అక్కడి క్రైస్తవ వైద్యకళాశాల 1957లో మానసిక ఆరోగ్యకేంద్రం ప్రారంభించింది. రోగితోపాటు కుటుంబసభ్యులు కూడా ఉండి చికిత్సలో పాల్గొనే పద్ధతి ఆ కేంద్రం ప్రత్యేకత. అమృత్‌సర్‌లో వైద్యుడు విద్యాసాగర్ అంతకుముందే ఇలాంటి ప్రయోగం చేశారు. వ్యక్తి తన గదిలో ఒంటరిగా కౌన్సెలర్‌ను కలిసే పాశ్చాత్య నమూనా కన్నా, ఇంటిల్లిపాదినీ కలుపుకొనే ఈ నమూనా మన సమాజానికి దగ్గరగా ఉంది. వేలూరులోనే క్రైస్తవ కౌన్సెలింగ్ కేంద్రం ద్వారా బి. జె. ప్రశాంతం భారతీయ సందర్భాలకు తగిన శిక్షణను రూపొందించారు. కుటుంబం, కులం, పెద్దల మాట వంటి అంశాలను పక్కనపెట్టి ఇక్కడ కౌన్సెలింగ్ సాధ్యం కాదన్న స్పృహ ఈ కృషితో బలపడింది.

6. తెలుగు నేల – సమూహసంఘం, ఒంటరి కాపరి:

తెలుగు ప్రొటెస్టంటు సంఘాల్లో చాలాభాగం సామూహిక ఉద్యమాల ఫలితం. 1876–78 కరువుకాలంలో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుగా తీసుకొని వేలమందికి పని కల్పించాడు. కూలి కోసం మతం మారారన్న మాట రాకుండా కరువు పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. ఆ తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా ఆ కార్యం నిర్వహించారు.

ఈ సంఖ్యను సాధారణంగా విజయగాథగా చెప్పుకుంటారు. కౌన్సెలింగ్ దృష్టితో చూస్తే మరో ప్రశ్న పుడుతుంది. కరువులో బంధువులను పోగొట్టుకున్నవారు, ఊరి పెద్దల ఆగ్రహానికి గురైనవారు, పాత కట్టుబాట్లు వదిలి కొత్తవి ఇంకా అలవడనివారు అయిన ఈ వేలమంది కష్టం వినడానికి ఎవరున్నారు? ఆ బాధ్యతలో ఎక్కువ భాగం దేశీయ బోధకులది, పల్లె ఉపదేశకులది. ఎర్రగుంట్ల పేరయ్య వంటి తొలి బోధకులు రాజయోగ గురుసంప్రదాయం నుండి వచ్చినవారు. గురువు ముందు మనసు విప్పే అలవాటు ఆ సంప్రదాయంలో ఉంది. క్రైస్తవ కౌన్సెలింగ్‌కు తెలుగు మూలాలు వెతకదలచిన పరిశోధకులు ఈ కోణాన్ని లోతుగా పరిశీలించవలసి ఉంది. అలాగే పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవుల కీర్తనలు విశ్వాసుల విలాపానికి నోరిచ్చాయి. పాటగా పాడుకున్న దుఃఖం కూడా ఒక విధమైన చెప్పుకోవడమే.

దేశీయ బోధకుని ఒంటరితనాన్ని ప్రపంచం ముందు పెట్టిన వ్యక్తి వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి ప్రాంతం నుండి తెలుగు నేలకు వచ్చి, దోర్నకల్‌లో స్థిరపడిన ఆయన 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ప్రసంగించాడు. మిషనరీలకు, భారతీయ పనివారికి మధ్య ఉన్నది జీతమిచ్చేవానికి, జీతగానికి మధ్య ఉండే సంబంధమని ఆయన నిర్మొహమాటంగా చెప్పాడు. మిషనరీలు చేసిన త్యాగాలను కొనియాడుతూనే, తమకు కావలసింది స్నేహమని అడిగాడు. సభలో కొందరికి ఆ మాటలు రుచించలేదు. ఆ ప్రసంగాన్ని వలసపాలనపై విమర్శగా చరిత్రకారులు చదువుతారు. దాన్ని సంఘసేవకుల మానసిక స్థితిపై సాక్ష్యంగా కూడా చదవాలని నా అభిప్రాయం. జీతమిచ్చే చేతిముందు మనసు విప్పలేమన్నది దాని అంతరార్థం.

అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన కాలంలో దోర్నకల్ అధ్యక్షమండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం, 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాయి. 1964లో వివిధ సంఘాల సహకారంతో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల రాజమండ్రిలో మొదలై, తరువాత హైదరాబాదుకు తరలింది. అధికారం విదేశీ చేతుల నుండి దేశీయ చేతులకు మారింది. కానీ జీతం, బదిలీ, క్రమశిక్షణ ఒకే పీఠం దగ్గర ఉండే నిర్మాణం చాలావరకు అలాగే మిగిలింది. అజరయ్య అడిగిన స్నేహం కొత్త నిర్మాణంలోనూ అడగవలసిన వస్తువుగానే ఉంది.

స్వతంత్ర సంఘాల పరిస్థితి వేరు. బక్త్ సింగ్ (1903–2000) ప్రేరణతో వెలసిన సహవాసాల్లో నాయకత్వం పెద్దల సమూహానిది కనుక భారం కొంత పంచబడుతుంది. కానీ ఒక వ్యక్తి స్థాపించి నడిపే సంఘాల్లో కాపరికి పై అధికారి లేడు, సాటివాడూ లేడు. కానుకలు తగ్గితే ఇల్లు గడవదు. కాబట్టి బలహీనత కనబడనీయకూడదు. బదిలీభయం లేనిచోట ఆదరణ పోతుందన్న భయం ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది.

7. కౌన్సెలింగ్ కాపరికీ సంఘానికీ ఏమి చేయగలదు?

పై చరిత్ర నుండి కొన్ని ఆచరణీయమైన అంశాలు తేలుతున్నాయి.

7.1. శ్రోత వేరు, అధికారి వేరు: కాపరికి కౌన్సెలింగ్ చేసే వ్యక్తికి అతని నియామకంతో, బదిలీతో సంబంధం ఉండకూడదు. మరో సంఘానికి చెందిన అనుభవజ్ఞుడైన కాపరి గానీ, శిక్షణ పొందిన కౌన్సెలర్ గానీ ఈ పాత్ర పోషించవచ్చు. కాపరి భార్యకు విడిగా మరొక శ్రోత అవసరం. ఆమె వేదనను భర్త పరిచర్యకు అనుబంధంగా చూడడం న్యాయం కాదు.

7.2. హద్దులు తెలిసిన కాపరి: అన్ని బాధలూ కాపరి తీర్చగలిగినవి కావు. ఆత్మహత్య ఆలోచనలు, తీవ్రమైన కుంగుబాటు, చిత్తభ్రమ, మద్యవ్యసనం వంటి సందర్భాల్లో వైద్యుని దగ్గరకు పంపడం కాపరి ఓటమి కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించి సంరక్షణ అందించాలని చెబుతోంది. మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. ఉపవాసకూడికలకు, స్వస్థత సభలకు రోగులను తీసుకువచ్చే కుటుంబాలకు ఈ విషయాలు మొదట చెప్పగలిగినవాడు కాపరే. మందులు ఆపివేయమని చెప్పే హక్కు మాత్రం ఆయనకు లేదు.

7.3. గోప్యత, దాని పరిమితి: విన్న మాట ప్రసంగంలో ఉదాహరణగా మారితే, పేరు చెప్పకపోయినా, చిన్న ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. సాక్ష్యం చెప్పమని బాధితులను వేదికమీదికి పిలవడంలోనూ ఇదే ప్రమాదం ఉంది. మరోవైపు గోప్యత నేరానికి తెర కాకూడదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగికనేరం గురించి తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలపాలి. కాపరికి మినహాయింపు లేదు. సంఘం పరువు, కాపరి పరువు అన్న మాటలు బిడ్డ రక్షణకన్నా పెద్దవి కావు. తప్పుచేసినది కాపరే అయినప్పుడు అతనికి కౌన్సెలింగ్ ఇచ్చి మరో ఊరికి పంపడం పరిష్కారం కాదు. బాధితులకు న్యాయం జరగడం మొదటి మెట్టు.

7.4. వ్యక్తి బాధ, సమాజపు గాయం: 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులపై దాడి జరిగి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. బాధిత కుటుంబాలు చీరాలకు తరలివచ్చాయి. ఇలాంటి సందర్భంలో ఓదార్పు అవసరమే. కానీ దుఃఖాన్ని మనసులోని సమస్యగా మాత్రమే చూపే కౌన్సెలింగ్ అన్యాయానికి తోడ్పడుతుంది. తెలుగు సంఘాల్లో అధికభాగం దళిత కుటుంబాలే కాబట్టి, కాపరులు కూడా ఆ గాయాన్ని మోస్తున్నవారే కాబట్టి, ఇక్కడి క్రైస్తవ కౌన్సెలింగ్ కులవివక్షను పేరుపెట్టి పలకగలగాలి. పాశ్చాత్య గ్రంథాలు ఈ విషయంలో మనకు పెద్దగా సహాయపడవు.

7.5. సంఘానికి కలిగే మేలు: కాపరికి అందిన ఆదరణ ఆయన దగ్గరే ఆగిపోదు. తన బాధను ఎవరో ఒకరు తీర్పు తీర్చకుండా విన్న అనుభవం ఉన్నవాడు, ఇతరుల బాధను అలాగే వినగలడు. బోయిసెన్ దగ్గర శిక్షణ పొందిన విద్యార్థులు, నూర్ మంజిల్‌కు వచ్చిన రోగులు ఈ ఫలితాన్ని పొందినవారే. సంఘపెద్దలకు, స్త్రీల సమాజాల నాయకురాళ్లకు, యువజనులకు వినే పద్ధతిలో ప్రాథమిక శిక్షణ ఇస్తే కాపరి ఒక్కడిమీదే ఉన్న బరువు సంఘమంతటా సర్దుకుంటుంది.

8. ముగింపు:

- క్రైస్తవ కౌన్సెలింగ్ చరిత్రలో నజియాంజస్ గ్రెగరీ పారిపోవడం, బోయిసెన్ ఆసుపత్రి పాలవడం, జోన్స్ కుప్పకూలడం వైఫల్యాలుగా ముగిసిపోలేదు. ఆ అనుభవాలనుండే ఒక గ్రంథం, ఒక శిక్షణాపద్ధతి, ఒక చికిత్సాకేంద్రం పుట్టాయి.

- కాపరి బాధ వినడానికి అధికారంతో ముడిపడని శ్రోత అవసరం. 1910లో అజరయ్య అడిగిన స్నేహానికి, నేటి కౌన్సెలింగ్ సూత్రానికి సారం ఒకటే.

- తెలుగు బైబిలులో ఒకే మూలపదానికి వచ్చిన ఆదరణ, హెచ్చరిక అనే రెండు అనువాదాలు కౌన్సెలింగ్‌లోని రెండు ధోరణులకు అద్దం పడుతున్నాయి. ఒకటి లేకుండా మరొకటి నిలవదు.

- ప్రార్థన, వైద్యం పరస్పరం పోటీపడేవి కావని నూర్ మంజిల్, వేలూరు అనుభవాలు నిరూపించాయి.

- తొలితరం తెలుగు బోధకుల జీవితచరిత్రలు, మిషను ఉత్తరప్రత్యుత్తరాలు, సంఘపత్రికలు, కీర్తనలు ఈ దృష్టితో ఇంకా చదవవలసి ఉంది. పల్లె ఉపదేశకుని ఒంటరితనం, అతని భార్య మోసిన భారం ఆ పుటల్లో ఎక్కడెక్కడ నమోదయ్యాయో వెలికితీయడం తెలుగు పరిశోధకుల ముందున్న పని.

మొదటి గ్రెగరీ పోపు తన గ్రంథంలో కాపరికి కేటాయించిన నాలుగో భాగం అతి చిన్నది. పద్నాలుగు శతాబ్దాల తరువాత కూడా మన వేదాంతవిద్యలో, సంఘపాలనలో ఆ భాగం చిన్నదిగానే ఉంది. దాన్ని విస్తరించి రాయడం ఇప్పుడు సంఘాల వంతు.